పిల్లల కోసం ఎదురుచూసే జంటలకు పద్నాలుగో రోజు లెక్క ఎందుకు తప్పుతోంది?

క్లుప్తంగా: ఒక నెలసరి చక్రంలో గర్భం నిలవగలిగే రోజులు దాదాపు ఆరే. అండం విడుదలైన రోజుతో అవి ముగిసిపోతాయి. ఆ రోజు ఏదన్నది కిందటి నెలసరి తేదీ చూసి కచ్చితంగా చెప్పడం కుదరదు. ముందుగా, ఖర్చు లేకుండా శరీరం ఇచ్చే సూచన ఒకటుంది. దాన్నే చాలామంది తెల్లబట్ట జబ్బుగా పొరబడుతున్నారు. సరైన రోజులు తెలుసుకుంటే వృథాగా పోయే నెలలు తగ్గుతాయి. గర్భనాళాల్లో (ట్యూబుల్లో) అడ్డంకి, వీర్యకణాల లోపం లాంటివి మాత్రం దీనితో తీరవు. అందుకే ఈ ప్రయత్నానికి ఒక గడువు ఉంది: ఏడాది, స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలు.

పెళ్లయిన మూడో నెల నుంచే "ఏమైనా విశేషమా?" అని అడగడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి అదే ప్రశ్న సంతాన సాఫల్య కేంద్రం మెట్ల దాకా తీసుకెళ్తుంది. ఈ మధ్యకాలంలో చాలా జంటలు ఫోన్‌లో నెలసరి యాప్ పెట్టుకుని, అండం విడుదలయ్యే రోజంటూ అది చూపించే పద్నాలుగో రోజు కోసం కాచుకుని ఉంటారు. ఆ రోజు కలుస్తారు, నెల తప్పదు. మరుసటి నెలా అంతే. నాలుగైదు నెలలు ఇలా గడిచాక లోపం ఎవరిలో ఉందన్న అనుమానం ఇంట్లోకి వస్తుంది. లోపం లెక్కలోనే ఉండొచ్చన్న ఆలోచన మాత్రం అంత తొందరగా రాదు.

లెక్కపెట్టాల్సింది వెనక నుంచి

నెలసరి చక్రంలో రెండు భాగాలుంటాయి. రక్తస్రావం మొదలైన రోజు నుంచి అండం విడుదలయ్యే వరకు ఒకటి, అక్కణ్నుంచి మళ్లీ నెలసరి వచ్చేవరకు రెండోది. ఈ రెండో భాగం ఒకే స్త్రీలో నెలనెలకూ పెద్దగా మారదు, మామూలుగా 12 నుంచి 14 రోజులు ఉంటుంది. అండం ఒక చిన్న బుడగలో పెరుగుతుంది. అది బయటపడ్డాక అండాశయంలో మిగిలిన ఆ బుడగ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. పిండం నుంచి సంకేతం అందకపోతే అది రెండు వారాల్లో వాడిపోతుంది. హార్మోన్ పడిపోతుంది, గర్భాశయం లోపలి పొర ఊడి నెలసరి వస్తుంది. ఆ బుడగ ఆయుష్షే అంత.

సాగేదీ కుదించుకునేదీ మొదటి భాగం. అందులో ఒక బుడగ మిగతావాటిని దాటి పెరగాలి, ఈస్ట్రోజన్ హార్మోన్ ఒక స్థాయికి చేరాలి, అప్పుడు మెదడు కింది గ్రంథి నుంచి అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా ఎగసిపడాలి. జ్వరం, నిద్రలేమి, బరువులో పెద్ద మార్పు, థైరాయిడ్ తేడా, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల దెబ్బతినే సమస్య)... వీటిలో ఏదైనా ఈ పనిని ఆలస్యం చేయగలదు. 1920ల్లో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ ఎవరికి వారు పరిశోధించి ఇదే చెప్పారు: అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి సుమారు రెండు వారాల ముందు. అది వాడుకలోకి వచ్చేసరికి 'నెలసరి మొదలైన పద్నాలుగో రోజు'గా మారిపోయింది. చక్రం సరిగ్గా 28 రోజులైతే రెండూ ఒకటే. కానీ 28 రోజుల చక్రం అందరూ అనుకునేంత మామూలు సంగతి కాదు. ఒక యాప్ వాడుతున్న మహిళల ఆరు లక్షలకు పైగా చక్రాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో సగటు 29.3 రోజులు వచ్చింది. సరిగ్గా 28 రోజులున్నవి 13 శాతమే.

34 రోజులకోసారి నెలసరి వచ్చే స్త్రీనే తీసుకుందాం. ఆమెకు అండం విడుదలయ్యేది దాదాపు ఇరవయ్యో రోజున. పద్నాలుగో రోజు లెక్క నమ్మి ఆ దంపతులు 13, 14, 15 రోజుల్లో కలిశారనుకుంటే మొదటి రెండు రోజులూ లెక్కలోకే రావు. పదిహేనో రోజు మాత్రం ఆ ఆరు రోజుల అంచున పడుతుంది. అసలైన రోజులు వచ్చేసరికి "ఈ నెలకు అయిపోయింది" అనుకుని వాళ్లు ఊరుకుంటారు. ఆరోగ్యంలో ఏ లోపమూ లేని జంట ఏడాది పొడవునా ఇలాగే తప్పిపోతూ ఉండొచ్చు.

యాప్‌ను తికమకపెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకొకటి ఉంది. తిరుమల ప్రయాణమో, వ్రతమో, పెళ్లో ఉందని నెలసరి వాయిదా మాత్రలు వేసుకోవడం. ఆ నెల చక్రం కృత్రిమంగా వారం పది రోజులు సాగుతుంది. యాప్‌కు ఆ సంగతి తెలియదు. దాన్నీ సగటులో కలిపేసుకుని, తర్వాతి నెలల్లో అండం విడుదలయ్యే రోజును ఆలస్యంగా చూపిస్తుంది.

ఆ ఆరు రోజులు

అమెరికాలోని నార్త్ కరోలినాలో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది మహిళలు ప్రతి ఉదయం మూత్రం నమూనా దాచి, భర్తతో కలిసిన రోజులు రాసిపెట్టారు. విల్కాక్స్ అనే పరిశోధకుడి బృందం ఆ నమూనాల్లోని హార్మోన్లను బట్టి అండం విడుదలైన రోజును గుర్తించింది. 1995లో వచ్చిన ఫలితాల ప్రకారం గర్భాలన్నీ ఆరు రోజుల్లోనే నిలిచాయి: అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు. ఐదు రోజుల ముందు ఒకసారి కలిస్తే అవకాశం 10 శాతం ఉంది. అండం విడుదలైన రోజుకు అది 33 శాతానికి పెరిగింది. ఆ మర్నాటి నుంచి సున్నా.

కారణం రెండు కణాల ఆయుష్షులో తేడా. అనువైన స్రావం ఉంటే వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. అండం ఉండేది 12 నుంచి 24 గంటలే. కాబట్టి వీర్యకణాలే ముందుగా చేరి అండం కోసం ఎదురుచూడాలి. "అండం విడుదలైంది, ఇప్పుడు ప్రయత్నించండి" అన్న మాట వినేసరికి తలుపు మూసుకుపోతూ ఉంటుంది.

అన్నీ కుదిరిన నెలలో కూడా అవకాశం మూడింట ఒక వంతు దగ్గరే ఆగుతుందన్నది గుర్తుపెట్టుకోవాలి. నెలకు 20 శాతం చొప్పున వేసుకున్నా, ఆరు నెలలకు నలుగురిలో ఒకరికి ఏ లోపమూ లేకుండానే నెల తప్పదు. ఆరో నెలకే కంగారుపడి ఊళ్లోని ఆసుపత్రులన్నీ తిరిగే యువజంటలకు ఈ చిన్న లెక్క ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

పాత లెక్కా లెక్కే

సంప్రదాయంలో ఋతుకాలం అనే మాట ఉంది. మనుస్మృతి మూడో అధ్యాయం నెలసరి మొదలైన రోజు నుంచి పదహారు రాత్రులను ఋతుకాలంగా చెప్పి, మొదటి నాలుగూ, పదకొండో, పదమూడో రాత్రులను వదిలెయ్యమంటుంది. చక్రం 26 నుంచి 28 రోజులు ఉన్నవారికి ఈ పదహారు రాత్రుల్లో గర్భం నిలిచే రోజులన్నీ వస్తాయి. అయితే 28 రోజుల చక్రంలో వదలమన్న ఆ రెండు రాత్రులూ వాటిలోనే పడతాయి. 34 రోజుల చక్రమైతే పదహారు రాత్రులు అయిపోయాకే అండం విడుదలవుతుంది. ఫోన్ లెక్కకూ దీనికీ బలహీనత ఒక్కటే. రెండూ ముందు నుంచి లెక్కపెడతాయి.

సరి రాత్రుల్లో కలిస్తే కొడుకు, బేసి రాత్రుల్లో కలిస్తే కూతురు అన్న మాట కూడా అక్కడిదే. అది ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. కలిసిన రోజుకూ పుట్టే బిడ్డ ఆడా మగా అన్నదానికీ సంబంధం కనిపించలేదని పైన చెప్పిన 1995 అధ్యయనమే తేల్చింది.

జార్జిటౌన్ విశ్వవిద్యాలయం రూపొందించిన పూసల దండ పద్ధతి ఉత్తరాదిలో కొన్నిచోట్ల 'మాలచక్రం' పేరుతో వాడుకలోకి వచ్చింది. చక్రం 26 నుంచి 32 రోజుల మధ్య ఉండేవారికి 8వ రోజు నుంచి 19వ రోజు వరకు గర్భం నిలవొచ్చని అది చెబుతుంది. ఉన్న ఆరు రోజులకు పన్నెండు రోజులు చూపించడంలోనే కేవలం తేదీల మీద ఆధారపడితే ఎంత అనిశ్చితి ఉంటుందో తెలుస్తుంది.

తెల్లబట్ట అనే మాట కింద మరుగునపడిన సూచన

తెలుగులో స్త్రీకి కనిపించే తెల్లని స్రావం ఏదైనా 'తెల్లబట్ట'గానే చెల్లుబాటవుతుంది. ఆ మాటకు జబ్బు వాసన అంటుకుపోయింది. "తెల్లబట్టవుతోంది, అందుకే నీరసం" అనడం, మెడికల్ షాపులో అడిగి మందులు తెచ్చుకోవడం మామూలే. ఆ స్రావాల్లో ఒకటి మాత్రం జబ్బు కాదు. అండం రాబోతోందని శరీరం వేసే దండోరా అది.

నెలసరి ఆగాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత చిక్కగా, జిగటగా, తెల్లగా కొద్దిపాటి స్రావం మొదలవుతుంది. ఈస్ట్రోజన్ పెరిగేకొద్దీ గర్భాశయ ముఖద్వారం దగ్గరి గ్రంథులు ఎక్కువ నీటితో పల్చటి జిగురు తయారుచేస్తాయి. అప్పుడది పచ్చి కోడిగుడ్డు తెల్లసొన లాగా ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి వేళ్లు దూరం చేస్తే తెగకుండా తీగలా సాగుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. నడుస్తున్నప్పుడు తడిగా, జారుడుగా అనిపిస్తుంది. మామూలు రోజుల్లో వీర్యకణాలకు అడ్డుగోడగా ఉండే ఈ జిగురు ఈ కొద్ది రోజులూ దారి ఇస్తుంది, వాటిని బతికిస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరగడంతో ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ చిక్కబడుతుంది, లేదా పొడి అయిపోతుంది. తెల్లసొనలా కనిపించిన చివరి రోజుకు అటూ ఇటూగానే అండం విడుదలవుతుంది.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్, ఎవెలిన్ బిల్లింగ్స్ అనే వైద్య దంపతులు 1950ల నుంచి ఈ సూచన మీద పనిచేసి ఒక పద్ధతిని రూపొందించారు. స్త్రీలు దీన్ని నిజంగా గుర్తుపట్టగలరా అన్న అనుమానంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో పరీక్ష జరిపింది. ఆ కేంద్రాల్లో మన బెంగళూరు ఒకటి. మిగతావి ఆక్లండ్, డబ్లిన్, మనీలా, ఎల్‌సాల్వడార్‌లోని శాన్ మిగెల్. నేర్పిన మొదటి చక్రంలోనే దాదాపు 93 శాతం మంది ఆ మార్పును గుర్తించగలిగారు. దీనికి చదువు అడ్డం కాలేదు, ఖర్చు లేదు. పెళ్లికి ముందు ఆడపిల్లకు వంటా వార్పూ నేర్పే ఇళ్లలో ఈ నాలుగు మాటలు చెప్పేవాళ్లే లేకపోవడం విచారకరం.

అన్ని స్రావాలూ మంచివేనని కాదు. పెరుగు విరిగినట్టు ముక్కలుగా ఉండి దురద పెడితే, పసుపు లేదా ఆకుపచ్చ రంగులో ఉంటే, దుర్వాసన వస్తే, పొత్తికడుపు నొప్పి తోడైతే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు డాక్టరుకు చూపించుకోవాల్సిందే. అండం పెరగడానికి క్లోమిఫీన్ మాత్ర వాడుతున్నవారిలో ఆ మందే జిగురును ఎండబెట్టవచ్చు కాబట్టి ఈ సూచన సరిగా కనిపించకపోవచ్చు. కలయిక సమయంలో నూనెలు, ఉమ్మి, కొన్ని రకాల జెల్‌లు వాడితే వీర్యకణాల కదలిక దెబ్బతింటుంది.

థర్మామీటరు, స్ట్రిప్, స్కాన్

నిద్ర లేవగానే, మంచం దిగకముందే ఒంటి వేడి చూసుకోవడం ఒక పద్ధతి. అండం విడుదలయ్యాక ఉష్ణోగ్రత 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి, నెలసరి దాకా అలాగే ఉంటుంది. ఇది జరిగిపోయినదాన్ని చెబుతుందే గానీ రాబోయేదాన్ని చెప్పదు. రెండు మూడు నెలలు రాసుకుంటే అండం అసలు విడుదలవుతోందా, ఎన్నో రోజు ప్రాంతంలో అన్నది తెలుస్తుంది. నైట్ షిఫ్టులు చేసేవారికి, రాత్రి రెండుసార్లు లేచేవారికి ఈ లెక్క నిలవదు.

మెడికల్ షాపుల్లో దొరికే ఓవ్యులేషన్ స్ట్రిప్ మూత్రంలో ఎల్‌హెచ్ పెరుగుదలను పట్టుకుంటుంది. అది పెరగడం మొదలైన 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. చూడడానికి ఇది ప్రెగ్నెన్సీ స్ట్రిప్ లాగే ఉంటుంది, పొరపాటంతా అక్కడే జరుగుతుంది. ప్రెగ్నెన్సీ స్ట్రిప్‌లో రెండో గీత మసగ్గా ఉన్నా లెక్కే. ఓవ్యులేషన్ స్ట్రిప్‌లో మసక గీతకు అర్థం లేదు. ఎల్‌హెచ్ కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రెండో గీత మొదటిదానంత ముదురుగానో అంతకంటే ముదురుగానో ఉంటేనే లెక్క. పీసీఓఎస్ ఉన్నవారిలో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువగా ఉండి, అండం లేకుండానే గీత ముదరవచ్చు. ప్రయత్నం మొదలుపెట్టి ఏడాది దాటని, 40 ఏళ్ల లోపు స్త్రీలపై జరిగిన పరిశోధనలను 2023లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ సమీక్షించింది. స్ట్రిప్ లేకుండా గర్భం వచ్చే అవకాశం 18 శాతం అనుకుంటే, స్ట్రిప్‌తో అది 20 నుంచి 28 శాతం మధ్య ఉంటుందని అంచనా వేసింది. స్రావం, ఉష్ణోగ్రత గమనించే పద్ధతుల విషయంలో తేల్చి చెప్పేంత ఆధారాలు ఇంకా లేవని కూడా అదే సమీక్ష చెప్పింది.

తెలుగు పట్టణాల్లో "ఎగ్ రప్చర్ అయిందా?" (బుడగ పగిలి అండం బయటపడిందా?) అన్న మాట ఫాలిక్యులర్ స్కాన్‌ల పుణ్యమే. తొమ్మిదో పదో రోజు నుంచి రోజు విడిచి రోజు స్కాన్ చేసి బుడగ సైజు చూస్తారు. మందులు వాడుతున్నవారికి దాని అవసరం ఉంటుంది. చక్రం సక్రమంగా ఉండి, ప్రయత్నం మొదలుపెట్టి రెండు మూడు నెలలే అయిన జంటకు అంత అవసరం ఉండదు.

ఎవరికి ఎంత అవసరం

ఒకే కప్పు కింద ఉంటూ, వీలు కుదిరే దంపతులకు చార్టులు, స్ట్రిప్‌లు లేకపోయినా నష్టం తక్కువే. 1995 నాటి ఆ పరిశోధనలోనే ఇందుకు జవాబుంది: రోజూ కలిసేవారికి ఒక చక్రంలో అవకాశం 37 శాతం, రోజు విడిచి రోజు కలిసేవారికి 33, వారానికి ఒక్కసారైతే 15. రోజు విడిచి రోజు అన్నది దాదాపు అంతే ఫలితాన్నిస్తుంది, పడకగదిని టైంటేబుల్‌గా మార్చదు. "పొదుపు చేస్తే బలం" అనుకుని వారం పది రోజులు ఆగడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు.

శని, ఆదివారాలే కలిసి ఉండే ఉద్యోగుల సంగతి వేరు. వారంలో ఏడు రోజులు, గర్భం నిలిచే రోజులు వరుసగా ఆరు. కాబట్టి శని, ఆదివారాల్లో కనీసం ఒకటి ప్రతి నెలా వాటిలో పడి తీరుతుంది. అయితే అండం శుక్రవారం విడుదలయ్యే నెలలో ఆ ఆదివారం ఐదు రోజుల ముందుది, 10 శాతం దగ్గరుండే బలహీనమైన రోజు. అదే అండం ఆదివారమో సోమవారమో విడుదలయ్యే నెల మంచి నెల. ఇలాంటి జంటలకు స్రావం గమనించడం, స్ట్రిప్ వాడడం నిజంగా పనికొస్తాయి. తడి రోజులు మంగళవారం మొదలైతే బుధవారం ఒకరోజు సెలవు పెట్టుకోవచ్చు.

అంతకంటే కష్టం గల్ఫ్ కుటుంబాలది. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లలో పెళ్లయిన కొన్నాళ్లకే భర్త విమానం ఎక్కుతాడు. మళ్లీ సెలవు మీద వచ్చినా ఉండేది నెలా నెలన్నరే. పెళ్లై రెండేళ్లయిందని ఊరు లెక్కపెడుతుంది. ఒక్కోటి 45 రోజుల చొప్పున రెండుసార్లు వచ్చినా, ఆ జంటకు దొరికింది రెండు నుంచి నాలుగు చక్రాలే. దాన్ని రెండేళ్ల ప్రయత్నంగా ఎంచి ఆ అమ్మాయికి 'గొడ్రాలు' అన్న పేరు పెట్టడం అన్యాయం. సంతానలేమికి వైద్యులు చెప్పే నిర్వచనంలో ఉన్నది పెళ్లైన కాలం కాదు, కలిసి ప్రయత్నించిన పన్నెండు నెలలు. భర్త రాకకు మూడు నాలుగు నెలల ముందు నుంచే ఆమె తన చక్రాన్ని రాసుకుంటే సెలవు తేదీలను దానికి తగ్గట్టు ఎంచుకునే వీలుంటుంది.

మగవారి వైపు

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో పురుషుడి వైపు కారణం, పూర్తిగానో కొంతగానో, ఉంటుంది. 'గొడ్రాలు'కు దీటుగా మగవాడికి వాడుకలో మాట లేదు. ఆ లేకపోవడం పరీక్షల వరుసలోనూ కనిపిస్తుంది. స్త్రీకి స్కాన్‌లు, హార్మోన్ పరీక్షలు, నొప్పితో కూడిన ట్యూబుల పరీక్ష కూడా అయ్యాకగానీ కొన్ని ఇళ్లలో భర్త వీర్య పరీక్షకు ఒప్పుకోడు. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో, సూది కూడా లేకుండా అయ్యేది అదే. ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, వాటిలో 42 శాతానికి కదలిక ఉండడం సాధారణానికి కింది హద్దు.

వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఈ రోజు సిగరెట్, గుట్కా మానేస్తే ఫలితం కనిపించేది మూడో నెలలోనే. తీవ్ర జ్వరం, పొయ్యిల దగ్గరా కొలుముల దగ్గరా గంటల తరబడి పని కూడా కణాలను తగ్గించవచ్చు. కండల కోసం జిమ్‌లో తీసుకునే టెస్టోస్టిరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కణాల తయారీనే ఆపేయగలవు. మగతనం పెంచుతాయనుకుని వేయించుకునేవి సంతానానికే అడ్డుపడతాయి.

గడువు ఎందుకు

క్రమం తప్పకుండా కలిసే జంటల్లో దాదాపు 84 శాతానికి ఏడాదిలో, 92 శాతానికి రెండేళ్లలో గర్భం వస్తుంది. మొదటి నెలల్లోనే తేలికగా నెల తప్పేవారు జాబితా నుంచి తప్పుకుంటారు. మిగిలినవారిలో వైద్యం అవసరమైనవారి పాలు నెలనెలా పెరుగుతుంది. పన్నెండు నెలల గడువుకు ఆధారం అదే. 35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత తగ్గుతూ వస్తాయి కాబట్టి ఆరు నెలలు. 40 దాటితే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వయసుతో పనిలేకుండా మొదటే వెళ్లాల్సినవారూ ఉన్నారు. నెలసరి 35 రోజులు దాటి, అదీ క్రమం లేకుండా వచ్చేవారు, నెలసరిలో లేవలేనంత నొప్పి ఉన్నవారు, పొత్తికడుపు ఆపరేషన్ అయినవారు, గతంలో టీబీ వచ్చినవారు. టీబీ గర్భనాళాలకూ పాకి వాటిని మూసేయగలదు. ట్యూబు మూసుకుపోతే ఎన్ని తడి రోజులు గుర్తించినా అండమూ కణమూ కలుసుకోవు. భర్తకు చిన్నప్పుడు వృషణాల ఆపరేషన్ జరిగినా, పెద్దయ్యాక గవదబిళ్లలతో వృషణాలు వాచినా ఇదే వర్తిస్తుంది.

ఎదురుచూసే ఆ కాలంలో ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భానికి కనీసం నెల ముందు నుంచి వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము ఏర్పడే తొలి వారాల్లో చాలామందికి గర్భం వచ్చిందనే తెలియదు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోవడం మేలు.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున చేతిలో ఉండాల్సినవి రెండు. ఒకటి భర్త వీర్య పరీక్ష రిపోర్టు. రెండోది మూడు నాలుగు నెలల నోటుపుస్తకం: నెలసరి మొదలైన తేదీలు, తెల్లసొనలా కనిపించిన రోజులు, కలిసిన రోజులు, వాయిదా మాత్రలు వేసుకుంటే ఆ సంగతి. మొదటి సంప్రదింపులో డాక్టరు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబులు అందులోనే ఉంటాయి.